ప్రాత తుపాకికి క్రొత్త మరమేకు

మేకు వేఱు, మరమేకు వేఱు. మేకు బలముచే దిగును. మరమేకు క్రమముచే దిగును. సుత్తితో కొట్టినచో కొయ్య మేకునకు దారి యిచ్చును. మరమేకునకు మాత్రము దారి ముందుగానే సిద్ధమై యుండవలయును. ఆ దారిలోని చుట్టులును మేకుపైనున్న చుట్టులును ఒకే కొలతవి కానిచో, ఎంత బలశాలి త్రిప్పినను పని చెడునేగాని నెఱవేఱదు. ఈ చిన్న సత్యమును గుర్తింపక, ప్రాత వస్తువులను బాగుచేయబూనినవారే వానిని పాడుచేయుట కలదు. అట్టి వస్తువులలో ప్రాత తుపాకులు ముఖ్యమైనవి.

శ్రీహరికోట పరిసరముల పెరిగిన విద్యార్థులకు ఈ విషయము దూరమైనది కాదు. 1971 అక్టోబరు 9వ తేదీన ఈ దీవినుండి మొదటి రోహిణి రాకెట్టు ఎగసెను. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను వాహనము మొదటిసారి ఎగసినప్పుడు, దాని రెండవ అంచెలోని ఒక చిన్న కవాటము సరిగా మూసికొనకపోవుటచే ఆమ్లము కాఱిపోయి, వాహనమంతయు సముద్రము పాలయ్యెను. మఱుసటి సంవత్సరము జూలై 18వ తేదీన అదే జాతి వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. పెద్ద యంత్రము చిన్న భాగముపై ఆధారపడునని ఈ తీరమునకు ఎవరును వేఱుగా బోధింపనక్కఱ లేదు.

రాకెట్టునందు మరమేకులు లెక్కకు మిక్కిలిగా నుండును. వానిలో ఒకటి చెడినచో, అదే సంఖ్యయు అదే కొలతయు గల మఱియొకదానిని పెట్టెనుండి తీసి బిగింతురు. ఎంత బలముతో బిగింపవలయునో అదియు ముందే నిర్ణయింపబడి యుండును. రెండువందల యేండ్ల నాటి తుపాకికి అట్టి పెట్టె లేదు. దాని మరమేకు ఒకటి పోయినచో, లోకములోని అంగళ్లన్నియు గాలించినను సరిగా అమరునది దొరకకపోవచ్చును. ఈ భేదమేల కలిగెను? పోయిన మేకునకు బదులు మఱియొకటి ఎట్లు సంపాదింపవలయును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తుపాకియు దాని మేకులును

మన దేశమున తొలుత విస్తరించినది జామగీ తుపాకి. నిప్పంటించిన త్రాటిని మీట నొక్కి మందునకు తాకించుటయే దాని పద్ధతి. దాని గొట్టమును కొయ్యదిమ్మకు లోహపు పట్టీలతోనో, తీగతోనో, తోలుపట్టెతోనో కట్టెడివారు. కావున దానియందు మరమేకుల పని స్వల్పము. లోహభాగములను మరమేకుతో బిగించుట ఐరోపాలో పదునైదవ శతాబ్ది మధ్యమున మొదలయ్యెను. మన దేశమున పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమునగాని కానరాదు. అప్పుడు సైతము మన పనివారు మేకుపై గాడిని కోయక, మేకుచుట్టును సన్నని తీగను చుట్టి అతికి, మర వంటి రూపమును కల్పించెడివారని చరిత్రకారులు వ్రాసియున్నారు. మర కోయుటకు తగిన తరిమెన లేకపోవుటయే దీనికి కారణము. అట్టి మేకు సరిగా అమరెడిది కాదు. తెలివి తక్కువై కాదు, పనిముట్టు తక్కువై మనవారు వెనుకబడిరి.

తరువాత చెకుముకి తుపాకి వచ్చెను. మీట నొక్కగానే చెకుముకిరాయి ఉక్కుపలకకు తగిలి నిప్పురవ్వలు రాలును. ఈ పని చేయు యంత్రమును లాకు అందురు. లాకునందు స్ప్రింగులును, తిరుగు భాగములును, వానిని పట్టియుంచు మరమేకులును గలవు. రాయిని పట్టుకొను భాగమును గుఱ్ఱమందురు. గుఱ్ఱమును ఇరుసునకు బిగించు మేకొకటి. రాయిని దవడల నడుమ అదిమిపట్టు మేకొకటి. ఉక్కుపలక తిరుగుటకు ఆధారమైన మేకొకటి. పెద్ద స్ప్రింగును, చిన్న స్ప్రింగులను నిలుపు మేకులు మఱికొన్ని. లాకునంతటిని కొయ్యదిమ్మకు బిగించు పొడుగు మేకులు రెండు. గొట్టపు తోకను కొయ్యకు దించు మేకొకటి. ఇట్లు ఒక్క తుపాకికి ఇంచుమించు డజను మేకులుండును. రాయిని పట్టు మేకు బయటనుండి మాటిమాటికి విప్పబడునది గావున తఱచుగా పోవునది అదియే.

ఒక వింతను ఇచ్చట చెప్పవలయును. ఇంగ్లండునందలి తుపాకి పనివారు లాకును బిగించు ఈ పొడుగు మరమేకులను మేకులనియే పిలిచెడివారు. మన భాషయందు సైతము మర అను మాటను మేకునకు చేర్చి మరమేకు అనుచున్నాము. రెండు దేశముల పనివారును క్రొత్త వస్తువును ప్రాత పేరుతోనే గుర్తించిరి.

మన సీమలో ఈ తుపాకుల చరిత్ర చిన్నది కాదు. 1780 సెప్టెంబరు 10వ తేదీన కంచి సమీపమున పొల్లిలూరు వద్ద మైసూరు సైన్యము కంపెనీ దళమును ఓడించెను. హైదరాలీ 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరునకు సమీపమున నరసింగరాయునిపేట వద్ద దండు విడిసియుండగా మృతినొందెను. అతని కుమారుడు టిప్పు శ్రీరంగపట్టణమున ఐరోపా పద్ధతిని అనుసరించి చెకుముకి తుపాకులను చేయించెను. పులితల ఆకారములతో అలంకరింపబడిన అట్టి తుపాకులు నేటికిని నిలిచియున్నవి. అతడు ఫ్రాన్సు రాజునొద్దకు పంపిన రాయబారులు 1788లో పారిసు చేరి, సైన్యసహాయముతోబాటు నేర్పుగల పనివారిని సైతము కోరిరి. తుపాకి కొనుటకంటె తుపాకి చేయు చేతిని సంపాదించుట మేలని ఆ రాజు ఎఱుగును. 1801లో ఆర్కాటు నవాబునుండి చిత్తూరు ప్రాంతము కంపెనీ వశమైనది. ఆ కాలపు ఆయుధములలో కొన్ని నేడు మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునందును, హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమునందును ఆయుధశాలలలో చూడవచ్చును.

కొలత లేని కాలము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ప్రాత మరమేకు మఱియొకచోట ఏల అమరదు?

పందొమ్మిదవ శతాబ్దికి పూర్వము పనివాడు మరను తన చేతితోనే కోసికొనెడివాడు. గట్టి ఉక్కుపలకయందు చుట్టులు గల రంధ్రములుండును. మెత్తని యినుప కడ్డీని ఆ రంధ్రములో నూనెతో త్రిప్పగా కడ్డీపై మర పడును. అదే మరగల ఉక్కు మేకుతో లాకుపలక రంధ్రమునందును మర కోసెడివాడు. ఆ పలక అతని స్వంతము. ప్రక్కవీథిలోని పనివాని పలక వేఱు. ఒకని చుట్టులు దగ్గఱ, ఇంకొకని చుట్టులు ఎడము. అంతియేగాదు, ఒకే తుపాకియందు ఒక మేకు రెండవదాని చోట అమరకపోవచ్చును. అందుచేత విప్పినప్పుడు కలిసిపోకుండుటకై మేకుపైనను రంధ్రముప్రక్కనను చుక్కలో, ఆకురాతి గీతలో గుర్తుగా పెట్టెడివారు. ఆ గుర్తులు నేటికిని కొన్ని తుపాకులపై కానవచ్చును. తెలియనివారు వానిని గీచికొనిపోయిన మచ్చలనుకొని రుద్ది చెఱపుదురు.

1800 ప్రాంతమున లండనునందు హెన్రీ మాడ్‌స్లే అను శిల్పి మరను యంత్రముచే సమముగా కోయు లేతును సిద్ధపఱచెను. అతనియొద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు దేశములోని పలు కార్ఖానాలనుండి మరమేకులను తెప్పించి, వాని కొలతలను పోల్చి, 1841లో అందఱకు నొకే పద్ధతిని ప్రతిపాదించెను. పావు అంగుళపు మేకునకు అంగుళమునకు 20 చుట్టులు. చుట్టు వాలు 55 డిగ్రీలు. ఇట్లు ప్రతి మందమునకు ఒక లెక్క ఏర్పడెను. 1864లో అమెరికాయందు విలియం సెల్లర్సు 60 డిగ్రీల వాలుతో మఱియొక పద్ధతిని సూచించెను. గడియారములు, చిన్న యంత్రముల కొఱకు ఇంగ్లండునందే 47½ డిగ్రీల వాలుగల బ్రిటిష్ అసోసియేషన్ మర ఏర్పడెను. నేడు లోకమున విస్తారముగా వాడబడు మిల్లీమీటరు మర 60 డిగ్రీలది. మన దేశము 1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతిని స్వీకరించెను. కావున నేడు సూళ్లూరుపేట అంగళ్లలో దొరకు మేకులు చాలవఱకు మిల్లీమీటరు కొలతవే.

ఒక్క కొలత వచ్చినంతమాత్రమున తుపాకులన్నియు దానికి లోబడలేదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకిని ఇంగ్లండు ప్రభుత్వపు కార్ఖానా అమెరికానుండి తెప్పించిన యంత్రములతో చేయ నారంభించినది మొదలు, అచ్చట చేసిన ఒక తుపాకి భాగము ఇంకొకదానికి అమరెను. అదే నమూనాను ప్రైవేటు పనివారు చేతితో చేసినచో ఆ గుణము లేదు. పైగా ఎన్‌ఫీల్డు కార్ఖానా కొన్ని మేకులకు విట్‌వర్తు లెక్క కాక తన ప్రత్యేకపు లెక్కను వాడెను. కాబట్టి తుపాకిపై ముద్ర చూచి, ఇది ఫలానా కొలతయని నిశ్చయింపరాదు. రంధ్రమునే అడుగవలయును.

మూడు కొలతలు

మరమేకును తెలిసికొనుటకు మూడు కొలతలు కావలయును: మందము, చుట్టునకు చుట్టునకు గల ఎడము, చుట్టు వాలు. మూడింటిలో ఏ యొకటి తప్పినను మేకు తప్పినట్లే.

ఒక లెక్క వేయుదము. పావు అంగుళపు విట్‌వర్తు రంధ్రము ఉన్నదనుకొనుడు. అంగుళమునకు 25.4 మిల్లీమీటరులు గనుక, 20 చుట్టులకు భాగింపగా ఎడము 1.27 మిల్లీమీటరులు. ఒకడు అంగడినుండి 6 మిల్లీమీటరుల మేకును తెచ్చెను. పావు అంగుళమన 6.35 మిల్లీమీటరులు, కంటికి రెండును ఒకటివలెనే తోచును. కాని సాధారణముగా దొరకు ఆ మేకు ఎడము 1 మిల్లీమీటరు. మొదటి చుట్టు తిరుగగనే 0.27 తేడా, రెండవ చుట్టునకు 0.54. ఇది ఎడములో ఇంచుమించు సగము. అనగా మేకు శిఖరము రంధ్రములోని లోయయందుగాక శిఖరమునకే ఎదురుపడినది. ఇచ్చటనే మేకు బిగుసుకొనును. వివేకియైనవాడు ఆగును. అవివేకి, తుప్పు అడ్డుపడినదని తలచి, కొయ్యపిడిని రెండు చేతులతో పట్టి త్రిప్పును. అప్పుడు రెండింటిలో మెత్తనిది నలుగును. నేటి మేకు గట్టి ఉక్కు. ప్రాత పలక తఱచుగా మెత్తని యినుము. ఒక్క నిమిషములో రెండువందల యేండ్ల మర తుడిచిపెట్టుకొనిపోవును. నాలుగు రూపాయల మేకునకు ఏ లోపమును రాదు.

వాలు సంగతి ఇంకను సూక్ష్మము. బ్రిటిష్ అసోసియేషన్ పద్ధతిలో సున్న సంఖ్య మేకు 6 మిల్లీమీటరుల మందము, 1 మిల్లీమీటరు ఎడము. నేటి 6 మిల్లీమీటరుల మేకునకును అవే రెండు కొలతలు. అయినను మొదటిదాని వాలు 47½ డిగ్రీలు, రెండవదానిది 60 డిగ్రీలు. రెండు లెక్కలు సరిపోయినవి గదా యని బిగించినచో, చుట్టులు ప్రక్కలంతటను ఆనక అంచులమాత్రమే ఆనును. కొన్నినాళ్లకు మేకు వదులగును. రెండు సాక్ష్యములు కలిసినవని మూడవదానిని విచారింపకుండుట న్యాయస్థానమునందును తప్పే, పనిశాలయందును తప్పే.

విప్పుటకు పూర్వము

ప్రాత తుపాకి చేతికి వచ్చినప్పుడు మొట్టమొదట అది వట్టిదో నిండినదో నిశ్చయింపవలయును. నూఱేండ్లు గోడకు వ్రేలాడిన తుపాకియందు మందును గుండును ఉండిపోవుట విననిది కాదు. తెలిసినవారు ఒక కొయ్యపుల్లను గొట్టములోనికి జాఱవిడిచి, లోపలి లోతును వెలుపలి పొడవుతో పోల్చి చూతురు. ఇది పెద్దల పని. విద్యార్థులారా, అట్టి వస్తువు మీ యింట కనబడినచో తాకక పెద్దలకు చెప్పుడు.

తుప్పుపట్టిన మేకును విప్పుటకు మన తీరమున ఓర్పు మఱింత కావలయును. ఇటు పులికాటు సరస్సు, అటు బంగాళాఖాతము. గాలిలోని ఉప్పు ఇనుముపై వ్రాలి తేమను పట్టి నిలుపును. కావున లోతట్టున పదియేండ్లకు పట్టు తుప్పు ఇచ్చట ముందుగానే పట్టును. పడవ మేకులను చూచినవారికి ఇది తెలిసినదే. కిరసనాయిలు కలిపిన పలుచని నూనెను మేకు చుట్టును చుక్కచుక్కగా వేసి కొన్ని దినములు విడిచిపెట్టవలయును. లాకులోని పెద్ద స్ప్రింగును బిగింపుతో అదిమిపట్టిన తరువాతనే దాని మేకును తాకవలయును. లేనిచో అది ఎగిరి కంటికి తగులును.

స్క్రూడ్రైవరు విషయమున చాలమంది అజాగ్రత్త వహింతురు. ప్రాత మేకుల నెత్తిగాడి సన్నము. అంగడిలోని స్క్రూడ్రైవరు మొన వాలుగా నుండుటచే గాడి పైయంచులనుమాత్రమే పట్టి వానిని చీల్చును. మొనను ఆకురాతితో సమముగా అరగదీసి, గాడి వెడల్పును, నిడివిని, లోతును నిండుగా ఆక్రమించునట్లు చేయవలయును. ప్రతి తుపాకికి, ఒక్కొక్కప్పుడు ప్రతి మేకునకు, వేఱు మొన కావలసివచ్చును. తీసిన మేకును తీసినట్లే, లాకు బొమ్మ గీసిన అట్టముక్కపై దాని స్థానమున గ్రుచ్చి ఉంచవలయును. అట్లు చేసినవానికి ఒక మేకు మఱియొకదాని చోట పడు భయము లేదు.

వెదకుట

పోయిన మేకునకు బదులు కావలసినప్పుడు, మొదట దాని తోడుదానిని చూడవలయును. లాకును బిగించు పొడుగు మేకులు రెండు గనుక, ఒకటి పోయినను రెండవది ఉండును. ఆ మిగిలినదియే మనకు ఉపాధ్యాయుడు. దాని తల ఆకారము, గాడి వెడల్పు, మెడ మందము, ఎడము అన్నియు దానినుండి వ్రాసికొనవచ్చును. అయితే రెండవది మొదటిదానికి కవల కాక తమ్ముడు మాత్రమే కావచ్చును. రంధ్రములో మెల్లగా త్రిప్పి చూచుట తప్పదు.

తోడు మేకు సైతము లేనిచో రంధ్రమునే అచ్చు తీయవలయును. మెత్తని కొయ్యపుల్లను కొంచెము లావుగా చెక్కి, రంధ్రములోనికి మెల్లగా త్రిప్పి తీసినచో, దానిపై మర గుర్తులు పడును. పది ఎడములను స్కేలుతో కొలిచి పదింట భాగించినచో ఒక ఎడము తెలియును. ఉదాహరణమునకు పది ఎడములు 8.5 మిల్లీమీటరులైనచో ఒకటి 0.85. 25.4ను 0.85తో భాగింపగా 29.9. అంగుళమునకు 30 చుట్టులని తెలిసినది. ఒక్క ఎడమునే కొలుచుటకంటె పదింటిని కొలుచుట మేలు; కొలతలోని పొరపాటు పదవవంతునకు తగ్గును. చేతిమర అగుటచే లెక్క సరిగా తెగకపోయినను దిగులు పడనక్కఱ లేదు. లాకు మేకు మూడు నాలుగు చుట్టులకంటె ఎక్కువ పట్టదు. ఎడమునందు 0.02 తేడా యున్నను నాలుగు చుట్టులకు 0.08 మాత్రమే, మేకు మందమును వెండ్రుకవాసి తగ్గించినచో అమరును.

కొలతలు చేతికి వచ్చిన పిదప వెదకవచ్చును. ప్రాత తుపాకుల విడిభాగములు అమ్మువారును, ప్రాత నమూనాలకు క్రొత్త భాగములు చేయువారును విదేశములందు గలరు. కొందఱు తల సిద్ధముగా నుండి మర కోయని మేకులను అమ్ముదురు. మర మన రంధ్రమును బట్టి మనమే కోసికొనవచ్చును గనుక అట్టివి మేలు. ఎట్టిది దొరకినను మొదటి రెండు చుట్టులు వ్రేళ్లతోనే తిరుగవలయును. వ్రేళ్లతో తిరుగనిదానిని పనిముట్టుతో త్రిప్పరాదు.

చేయుట

దొరకనిచో చేయింపవలయును. మెత్తని ఉక్కు కడ్డీని లేతునకు పట్టించి, మొదట తలయు తరువాత మెడయు మలిచి, అటుపిమ్మట మర కోయుదురు. లేతుయందు పొడవైన మరకడ్డీ యొకటి కలదు; అది తిరుగుచు పనిముట్టును ముందునకు నడుపును. ఆ కడ్డీకి అంగుళమునకు 4 చుట్టులున్నవనుకొనుడు. మనకు 20 చుట్టులు కావలయును. మేకు అయిదుసారులు తిరుగులోపల మరకడ్డీ ఒక్కసారి తిరుగవలయును. కావున మేకు ప్రక్క 20 పండ్ల చక్రమును, మరకడ్డీ ప్రక్క 100 పండ్ల చక్రమును తగిలింతురు.

అదే లేతుపై 1 మిల్లీమీటరు ఎడము కావలసినచో ఏమి చేయుదురు? మరకడ్డీ ఎడము 25.4ను 4తో భాగింపగా 6.35. 1ని 6.35తో భాగించుట 20ని 127తో భాగించుటయే. కాబట్టి 127 పండ్ల చక్రము కావలయును. ఈ సంఖ్య ఎచ్చటనుండి వచ్చెను? 25.4ను అయిదుతో హెచ్చింపగా 127. అది ప్రధానసంఖ్య, దానికంటె చిన్న చక్రములతో ఆ నిష్పత్తిని సరిగా సాధింపలేము. అంగుళమునకును మిల్లీమీటరునకును నడుమ వంతెన ఆ యొక్క చక్రమే. భిన్నములు నిరుపయోగమని విసుగుకొను విద్యార్థి లేతు ప్రక్క ఒక పూట నిలిచి చూడవలయును.

మర కోసిన పిదప నెత్తిగాడిని సన్నని రంపముతో నడిమికి సరిగా కోసి, తలను ఆకురాతితో తోడు మేకు ఆకారమునకు తేవలయును. ప్రాతకాలపు పనివారు మేకును ఎముకల బొగ్గుతోను తోలుబొగ్గుతోను ఇనుప పెట్టెలో మూసి ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచెడివారు. బొగ్గులోని కర్బనము ఇనుము పైపొరలోనికి చొచ్చి దానిని గట్టిపఱచును. లోపలిభాగము మెత్తగానే యుండును. అందుచే గాడి చెదరదు, మేకు విఱుగదు. మెఱుగుపెట్టిన ఉక్కును మెల్లగా వేడిచేయగా గడ్డిరంగు, ఊదారంగు, దాదాపు 300 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నీలిరంగు వచ్చును. నీలిరంగు వచ్చినంతనే నూనెలో ముంచినచో ఆ రంగు నిలుచును. ఆ నీలము అందమునకేగాక తుప్పును కొంతవఱకు నిలుపుటకును పనికివచ్చును.

చేయరానివి

ఇచ్చట మూడు నిషేధములు గట్టిగా చెప్పవలసియున్నవి.

మొదటిది: మేకునకు తగినట్లు రంధ్రమును పెద్దదిగా కోయరాదు. మేకు పోయినను తుపాకి చెడలేదు; రంధ్రము పోయినచో దానిని చేసిన చేతి కొలతయే పోయినది. ఆ కాలపు పనివాడు తన పలక లెక్కను ఏ పుస్తకమునందును వ్రాసిపెట్టలేదు. ఆ రంధ్రమే అతని వ్రాత. దానిని క్రొత్త మరతో తుడిచినవాడు ఉన్న ఒక్క ప్రతిని చింపినట్లగును.

రెండవది: ఇనుప లాకునకు ఇత్తడి మేకును బిగింపరాదు. ఉప్పుతేమ తగిలినచోట ఇత్తడిని తాకియున్న ఇనుము త్వరగా తుప్పుపట్టును. ఈ తీరమున అది మఱియు త్వరితము.

మూడవది: గొట్టము వెనుకభాగమును మూయు మరబిరడాను ఇంటిపనివారు తాకరాదు. ప్రేలుడు బలమంతయు దానిపై పడును. బాగుచేసిన ప్రాత తుపాకిని ప్రేల్చిచూచు కోరికయు కూడదు. మరమేకు వస్తువును సంపూర్ణము చేయుటకే గాని దానికి మరల ప్రాణము పోయుటకు కాదు.

క్రొత్తగా చేసిన మేకును ప్రాతదానివలె మభ్యపెట్టుటయు తగదు. తల అడుగున, కంటికి కనబడని చోట, చేసిన సంవత్సరమును సన్నగా చెక్కవలయును. విఱిగిన ప్రాత మేకు ముక్క దొరకినచో పాఱవేయక చీటి వ్రాసి భద్రపఱుపవలయును. ముందు వచ్చువాడు ఏది ప్రాతయో ఏది క్రొత్తయో మోసపోకుండ తెలిసికొనవలయును గదా.

చట్టము

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకులను చేయుటకేగాక, వృత్తిగా బాగుచేయుటకును లైసెన్సు కావలయును. పురాతనమైనదై, బాగుచేసినను చేయకున్నను తుపాకిగా పనికిరాని ఆయుధమును ఉంచుకొనుటకు ఆ చట్టము మినహాయింపు నిచ్చినది. కావున ప్రాతదగుట మాత్రమే చాలదు. ప్రేలగలదైనచో లైసెన్సు తప్పదు. పంట కాపుదలకై నోటినుండి మందు కూరెడి తుపాకికి లైసెన్సు ఇచ్చుటను గూర్చి సైతము ఆ చట్టమునందే ప్రస్తావన కలదు. 1972 నాటి పురావస్తువుల చట్టము నూఱేండ్లు నిండిన ఇట్టి వస్తువులను స్వంతముగా విదేశములకు పంపుటను నిషేధించుచున్నది. తాత ముత్తాతల తుపాకి ఇంట బయటపడినచో పోలీసుస్టేషనునందు తెలుపుటయు, మ్యూజియమువారి సలహా పొందుటయు యుక్తము. దాచినచో వస్తువునకును కీడే, దాచినవానికిని కీడే.

ముగింపు

విట్‌వర్తు కొలత వచ్చిన పిదప లోకమునకు కలిగిన మేలు ఇంతంతకాదు. ఒక దేశమున చేసిన మేకు వేఱొక దేశపు రంధ్రములో దిగుచున్నది. శ్రీహరికోట రాకెట్టు మొదలుకొని ఇంటి కుట్టుమిషనువఱకు ఆ మేలును అనుభవించుచున్నవి. కాని కొలత ఏర్పడకముందు పుట్టిన వస్తువులను నేటి కొలతకు బలవంతముగా ఒదిగించుట న్యాయము కాదు. వానిని మొదట కొలిచి తెలిసికొనవలయును. తెలిసికొనిన పిదపనే వానికి తగినదానిని చేయవలయును. మేకును రంధ్రమునకు తగినట్లు చేయవలయునే గాని, రంధ్రమును మేకునకు తగినట్లు చేయరాదు. ఈ వాక్యమును గుర్తుంచుకొన్నవాడు తుపాకినే కాదు, తాత గడియారమును, అవ్వ కుట్టుమిషనును, బడిలోని హార్మోనియమును సైతము చెడకుండ కాపాడగలడు.

అభ్యాసము

1. ఒక ప్రాత మేకుపై పది ఎడములు 7.9 మిల్లీమీటరులు. అంగుళమునకు ఎన్ని చుట్టులు?

2. లేతు మరకడ్డీకి అంగుళమునకు 8 చుట్టులు. అంగుళమునకు 32 చుట్టులు గల మేకును కోయుటకు రెండు చక్రముల పండ్ల నిష్పత్తి ఎంత?

3. అదే లేతుపై 1 మిల్లీమీటరు ఎడము గల మేకును కోయుటకు 127 పండ్ల చక్రమునకు తోడుగా ఎన్ని పండ్ల చక్రము కావలయును?

4. మీ యింటనున్న ఏదేని ప్రాత వస్తువు మరమేకును విప్పకయే, దాని తలను, నెత్తిగాడిని కొలిచి బొమ్మ గీయుడు. తుపాకిని మాత్రము ఈ పనికి ఎన్నుకొనకుడు.